పండగ వేటకి ఏ తుపాకి మంచిదని అడిగిన తమ్ముడికి

పోస్టు పెద్దదే. ఓపిక లేనోళ్లు సేవ్ చేసుకుని రాత్రి చదవండి. సగం చదివి తిట్టొద్దు, మొత్తం చదివి తిట్టండి.

మొన్న ఇంటర్ ఫస్టియర్ తమ్ముడొకడు నాకు మెసేజ్ పెట్టాడు. పేరు రాయను. "అన్నా, ఈసారి ఇటుకల పండక్కి పెద్దోళ్లు నన్ను కూడా వేటకి తీసుకెళ్తామన్నారు. ఇదే మొదటిసారి. మా పెదనాన్న నాటు తుపాకి ఇస్తానన్నాడు. ఇంకోడు వేరేది తెస్తానంటున్నాడు. కొత్తోడికి ఏది బాగుంటాది? గుండు ఏది వెయ్యాల? నువ్వు డిగ్రీ సదువుతున్నావు కదా, ఈ వీడియో ఇంగ్లీషులో ఉంది, చూసి సెప్పు." కింద అమెరికా వీడియో ఒకటి. కొత్తగా జింకల వేట నేర్చుకునేవాళ్లు ఏ తుపాకి కొనాలి, ఏ గుండు వాడాలి అని ఒకాయన చెప్తున్నాడు.

ముందు కోపం వచ్చింది. "నీకు తుపాకి ఎందుకురా, పరీక్షలు చూసుకో" అని పెట్టేద్దామనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే వాడు అడిగిన దాంట్లో తప్పేం లేదు. మొదటిసారి వెళ్లేవాడు భయపడి అడుగుతున్నాడు. పెద్దోళ్లని అడిగితే నవ్వుతారని నన్ను అడిగాడు. అడిగిన దానికి జవాబు చెప్పాలి. కాబట్టి ఆ వీడియో రెండుసార్లు చూశాను, దాని మీద ఇంకొంచెం చదివాను. నా జవాబు ఇక్కడే రాస్తున్నాను, ఎందుకంటే ఇలా అడగాలనుకుని అడగలేనివాళ్లు ఈ గ్రూపులో ఇంకా ఉన్నారని నాకు తెలుసు.

ఆదిలాబాద్ వైపు సభ్యులకి తెలియకపోవచ్చు కాబట్టి ఒక్క మాట. మా పాడేరు, అరకు ఏజెన్సీలో చైత్రంలో ఇటుకల పండగ చేస్తాం. విత్తనాలు పూజలో పెట్టి పంచుకుంటాం. మగవాళ్లు గుంపుగా అడవికి వేటకి వెళ్తారు. ఆడవాళ్లు రోడ్డు మీద దుంగ అడ్డం పెట్టి, వచ్చే బండ్లని ఆపి, పాటలు పాడి పజోరు డబ్బులు అడుగుతారు. వేట దొరక్కుండా ఉత్తచేతులతో వచ్చిన మగాళ్ల మీద పేడనీళ్లు చల్లుతారు. కోయ అన్నలకి ఇది కొత్త కాదు, భూమి పండగలో మీక్కూడా వేట ఉంది.

ఇక తుపాకి సంగతి.

తమ్ముడూ, ఆ వీడియోలో ఆయన చెప్పిన దాంట్లో నువ్వు తుపాకి బొమ్మలు మాత్రమే చూశావు. ఆయన మొదట చెప్పింది తుపాకి గురించి కాదు. ముందు కోర్సు చెయ్యండి అన్నాడు. అక్కడ వేటకి లైసెన్సు కావాలంటే వేట భద్రత మీద క్లాసులు విని పాసవ్వాలి. కొలరాడో రాష్ట్రంలో 1949 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లెవరైనా ఆ కోర్సు చెయ్యాల్సిందే. అంటే డెబ్భై ఏళ్ల ముసలాయన కూడా సర్టిఫికెట్ చూపించాలి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2 నుంచి పుట్టినవాళ్లకి అదే రూలు. ఆ తర్వాత సీజను, ఇన్ని జింకలే అని లెక్క, దానికి చీటీ. ఇవన్నీ అయ్యాక తుపాకి.

తుపాకిలో కొత్తవాళ్లకి ఎక్కువమంది చెప్పేది 243 వించెస్టర్ అనే రకం. అది 1955లో వచ్చింది. గుండు చిన్నది, ఆరు గ్రాముల పైచిలుకు. పెద్ద రైఫిళ్లతో పోలిస్తే భుజాన్ని తన్నే తన్ను సగం కూడా ఉండదు. అదెందుకు ముఖ్యమంటే, గట్టిగా తన్నే తుపాకి రెండుసార్లు కాల్చిన కొత్తవాడికి మూడోసారి నొక్కే ముందే కళ్లు మూసుకుపోతాయి, చెయ్యి అదురుతుంది. గురి అక్కడే పోతుంది. బలమైన తుపాకి కాదు, భయపెట్టని తుపాకి కొనుక్కోమంటారు. అలాగని మరీ చిన్నది పనికిరాదు. కొలరాడోలో దుప్పిజాతి వేటకి ఆరు మిల్లీమీటర్ల కంటే సన్నని గుండు వాడకూడదు, వంద గజాల దూరం పోయాక కూడా దాంట్లో ఇంత బలం మిగలాలి అని చట్టంలోనే రాసి ఉంది. 22 లాంటి పిట్టల తుపాకితో జింకని కొడితే చాలా రాష్ట్రాల్లో నేరం. ఎందుకు? అది చావదు. గాయంతో పరిగెత్తి ఎక్కడో రెండ్రోజులు బాధపడి చస్తుంది.

గుండు కూడా అంతే. వేటకి వాడే గుండు ఒంట్లోకి దిగగానే ముందు భాగం విచ్చుకోవాలి. మిలటరీ గుండులాగా సూటిగా దూసుకుపోతే జంతువు పారిపోతుంది, అందుకని అలాంటివి చాలాచోట్ల నిషేధం. తగలాల్సింది ముందుకాలి వెనక, గుండె, ఊపిరితిత్తులు ఉండేచోట. అక్కడ చూపు ఆనకపోతే కాల్చకూడదు. జంతువు వెనకాల ఏముందో కనపడకపోతే కాల్చకూడదు. గట్టు మీద నిలబడ్డ జింక వెనక ఆకాశం తప్ప ఏమీ లేకపోతే అస్సలు కాల్చకూడదు, ఎందుకంటే తప్పిన గుండు మైళ్ల దూరం పోతుంది. ఒంటి మీద నారింజ రంగు చొక్కా ఉండాలి, పొదలో ఉన్నది మనిషని పక్కవాడికి తెలియడానికి. సీసం గుండు ముక్కలు మాంసంలో కలిసి మనుషుల ఒంట్లోకి, రాబందుల ఒంట్లోకి పోతున్నాయని కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకి సీసం వాడటమే ఆపేశారు.

నాకు ఆ వీడియోలో నచ్చింది ఇదే. తుపాకి గురించి వాళ్లు చెప్పే ప్రతి మాట వెనక రెండే రెండు పట్టింపులున్నాయి. జంతువు ఒక్క దెబ్బకి పోవాలి. మనిషికి ఏమీ కాకూడదు.

మా తాతకి చదువు లేదు. ఆయన విల్లు పట్టిన కాలంలో కూడా ఇదే మాట. దెబ్బ తగిలిన దాన్ని అడవిలో వదిలి ఇంటికొచ్చి అన్నం తినకూడదు, దొరికేదాకా రక్తం వెంట నడవాలి అనేవాడట. ఇది నాకు మా అమ్మ చెప్పింది.

ఇప్పుడు ఆ రెండు పట్టింపుల పక్కన మీ పెదనాన్న ఇస్తానన్న నాటు తుపాకిని పెట్టి చూడు. అది ఏ కంపెనీలోనూ పరీక్ష చేసింది కాదు. దాని గొట్టం ఎంత ఒత్తిడికి ఆగుతుందో చేసినోడికే తెలీదు, వాడేవాడికేం తెలుస్తుంది. లోపల వేసే మందు చేతి అంచనా. నిన్న ఒకలాగా, రేపు ఒకలాగా. గురి చూసుకోవడానికి ఏమీ ఉండదు. సీసం గుళ్లు చెదిరిపోతాయి, జింకకి పొట్టలో రెండు, కాలికి ఒకటి తగుల్తాయి. అది ఎళ్లిపోద్ది. మనం "తప్పింది" అనుకుంటాం. తప్పలేదు, అది ఏ గెడ్డ పక్కనో పడి ఉంది. ఇంక మందు చెమ్మగిల్లితే నొక్కగానే పేలదు. పేల్లేదేంటని మొహం దగ్గరికి తెచ్చుకుని చూసినప్పుడు పేలుద్ది.

ఇది పుస్తకంలో చదివి రాయడం లేదు. మా సొంత మావకి జరిగింది. నేను అప్పుడు ఏడో తరగతి, పండగ సెలవులకి ఇంటికొచ్చాను. పొద్దున్నే వెళ్లిన గుంపు మధ్యాహ్నానికే తిరిగొచ్చింది. వేట తెచ్చారనుకుని మేం పిల్లలం ఎదురు పరిగెత్తాం. డోలీలో మావ ఉన్నాడు. మొహానికి తువ్వాలు కట్టి ఉంది, తువ్వాలు నల్లగా ఉంది. కుడి కన్ను పోయింది, ఎడమ చేతికి రెండు వేళ్లు పోయాయి. ఊళ్లో నుంచి రోడ్డు వరకు మోసుకుని, అక్కడ నుంచి ఆటోలో తీసుకెళ్లారు. ఆసుపత్రిలో ఏమైందని అడిగితే, తుపాకి అంటే కేసవుద్దని "టపాకాయ పేలింది" అని చెప్పారు. చైత్రంలో టపాకాయ! డాక్టరుకి అర్థమయ్యే ఉంటుంది. కానీ ఒంట్లో సీసం గుళ్లున్నాయని మనోళ్లు చెప్పకపోవడం వల్ల చెంపలో ఉండిపోయిన గుళ్ల సంగతి చాలా రోజులకి గాని బయటపడలేదు. భయంతో ఆడిన ఒక్క అబద్ధం. తప్పు మాదే. ఇంకెవర్నీ అననక్కర్లేదు.

మావ ఇప్పటికీ పశువులు కాస్తాడు. కాఫీ పండు కోతకి మాత్రం పిలవరు. వేళ్లు లేక నెమ్మదిగా కోస్తాడని.

పేపర్లో చూడండి, పండగ రోజుల్లో "నాటు తుపాకి మిస్‌ఫైర్" అని చిన్న వార్త వస్తూనే ఉంటుంది. మిస్‌ఫైర్ అనే మాటే నాకు నచ్చదు. కొన్నిట్లో తుపాకి సరిగ్గానే పేలుతుంది, మనిషే తప్పు చూస్తాడు. పొద కదిలింది, కొండగొర్రె అనుకున్నాడు. పొదలో ఉన్నది తమ్ముడో, బావో. ఒకప్పుడు అడవి దట్టంగా ఉండేది, మనుషులు తక్కువ. ఇప్పుడు చైత్రంలో అడవిలో ఎంతమంది ఉంటారో నువ్వే లెక్కేసుకో. ఇప్పపువ్వు ఏరేవాళ్లు, అడ్డాకులు కోసేవాళ్లు, చింతపండు దులిపేవాళ్లు, మేకల వెనక పిల్లలు, కాఫీ తోటల్లో పనిచేసేవాళ్లు. నిజం చెప్పాలంటే జింకల కంటే మనమే ఎక్కువున్నాం. పైగా ఆ రోజు పొద్దున్నుంచి జీలుగు కల్లు.

ఇప్పుడు చట్టం. దీన్ని నేను దాచను, ఎందుకంటే మా ఊళ్లో చాలామంది "పండగ వేటకి పర్మిషన్ ఉంది" అనుకుంటున్నారు. లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పి, కణుజు, కొండగొర్రె ఏది కొట్టినా నేరమే. పండగైనా, మామూలు రోజైనా. తుపాకైనా, బాణమైనా, ఉచ్చైనా. 2022లో సవరించాక మామూలుగా మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మొదటి షెడ్యూల్లో ఉన్న జంతువైతే మూడేళ్లకి తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా. నువ్వు ఏ జంతువుని కొట్టావో తెలుసుకునేలోపు అది ఏ షెడ్యూలో చూసుకునే టైం ఉంటుందా? ఇంకోటి. చట్టంలో వేట అంటే చంపడమే కాదు. తరమడం, ఉచ్చు పెట్టడం, ప్రయత్నించడం కూడా వేటే. "నేను కాల్చలేదు సార్, డప్పు కొట్టి అదిలించాను" అంటే వదలరు. తీసుకెళ్లిన బండి కూడా పోతుంది.

తుపాకికి వేరే చట్టం, 1959 ఆయుధాల చట్టం. లైసెన్సు లేని తుపాకి దగ్గరుంటే 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్లు, ఐదేళ్ల దాకా జైలు. అది మందు కూరే నాటు తుపాకైనా ఒకటే. తయారు చేసినవాడికి కనీసం ఏడేళ్లు. లైసెన్సు అడగాలంటే 21 నిండాలి. నీకు పదిహేడు, నాకు ఇరవై. మనిద్దరం దరఖాస్తుకి కూడా పనికిరాం! మీ పెదనాన్నకి ఇదొకటి చెప్పు. పంట కాపలా కోసం మందు కూరే తుపాకికి లైసెన్సు ఇచ్చే దారి ఆ చట్టంలోనే ఉంది, 13వ సెక్షన్ చూడమను. పందులు చోళ్లు, కంది తినేస్తున్నాయని నిజంగా ఇబ్బంది ఉంటే కలెక్టరుకి దరఖాస్తు పెట్టొచ్చు. మనం పెట్టిన పాపాన పోలేదు. లైసెన్సు వచ్చినా దానితో జింకని కొట్టకూడదనుకో, పందిని కొట్టాలన్నా అటవీశాఖ అనుమతి వేరే కావాలి.

నీకు కానిస్టేబుల్ అవ్వాలని ఉందన్నావు. సెలెక్టయ్యాక వెరిఫికేషన్‌కి వస్తారు. స్టేషన్లో నీ పేరు మీద కేసుంటే ఏమవుతుందో మన హాస్టల్ సీనియర్లని అడుగు. పరుగులో ఫస్టొచ్చి, రాతపరీక్ష పాసై, ఇంటికొచ్చి కూచున్న వాళ్లున్నారు. మీ ఇంట్లో బడికెళ్లిన మొదటివాడివి నువ్వు. మీ అమ్మ సంతలో పసుపు అమ్మి నీకు బస్సు ఛార్జీ పంపుతుంది.

ఇక్కడ కొందరు అన్నలు నా మీద లేస్తారని తెలుసు. "అడవి మనది, వేట మన హక్కు, నువ్వు చదువుకుని ఫారెస్టోళ్ల మాట మాట్లాడుతున్నావు" అంటారు. పోయినసారి ఇలాంటి పోస్టు కింద ఒక అన్న, "అల్లూరి వెంట నడిచిన గంటందొర, మల్లుదొర తుపాకులు పట్టలేదా?" అని పెట్టాడు. పట్టారన్నా. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తెల్లోడి తుపాకులు తెచ్చుకున్నారు. తెల్లోడి మీద పోరాటానికి. కొండగొర్రె కోసం కాదు.

కానీ హక్కు సంగతి పెద్దది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. నాకూ మంట ఉంది. మనకి పట్టాలు ఇచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం తీసి 3వ సెక్షన్, 1వ క్లాజు, ఎల్ చదవండి. అనాదిగా అనుభవిస్తున్న అన్ని సంప్రదాయ హక్కులూ మీవే అని రాసి, ఆ వాక్యం అయ్యేలోపు వేట హక్కు తప్ప అని రాశారు. తేనె మనది, అడ్డాకు మనది, చింత మనది, వేట ఒక్కటే మనది కాదు. అదే దేశంలో నికోబార్ దీవుల గిరిజనుల వేట హక్కుకి ఈ చట్టం అడ్డు రాదని వన్యప్రాణి చట్టం 65వ సెక్షన్లో ఉంది. కర్ణాటకలో కొడగు కొడవలకి తుపాకి లైసెన్సే అక్కర్లేదు. తెల్లదొరల కాలంలో ఇచ్చిన మినహాయింపు, కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. వాళ్లు పండగకి తుపాకులు పూలతో పూజ చేసుకుంటారు. (వాళ్లు కూడా జింకని కొట్టకూడదు, అది వేరే విషయం.) వాళ్లకి ఇచ్చి మనకి ఎందుకివ్వలేదు అని అడగడం న్యాయమైన ప్రశ్నే. నేనూ అడుగుతాను.

అయితే ఎలా అడగాలి? ఆ తమ్ముడి వీడియో పుణ్యమా అని అమెరికా వేట చట్టాలు చదువుతుంటే నాకొకటి దొరికింది. అక్కడ గ్రేట్ లేక్స్ దగ్గర ఒజిబ్వే అనే ఆదివాసీలున్నారు, చిప్పెవా అని కూడా అంటారు. 1837లో, 1842లో వాళ్ల భూములు ప్రభుత్వానికి పోయినప్పుడు, ఆ భూముల్లో వేటాడుకునే, చేపలు పట్టుకునే, అడవి వరి ఏరుకునే హక్కు మాకే ఉంటుందని ఒప్పందంలో రాయించుకున్నారు. తర్వాత రాష్ట్రాలు దాన్ని తొక్కేశాయి. మనోళ్ల మీద పెట్టినట్టే కేసులు పెట్టాయి. 1974లో చేపలు పడుతూ దొరికిన ఇద్దరు అన్నదమ్ముల విషయంతో మొదలై, తెగ తెగంతా కోర్టుకెక్కింది. 1983లో అప్పీలు కోర్టు ఒప్పందం ఇంకా బతికే ఉందని తీర్పిచ్చింది. మిన్నెసోటా వైపు వాళ్ల కేసులో 1999లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. నూటయాభై ఏళ్ల తర్వాత.

గెలిచాక ఏం చేశారో అది చూడండి. హక్కొచ్చింది కదా అని తలో తుపాకి పట్టుకుని పోలేదు. 1984లోనే తెగలన్నీ కలిసి సొంత కమిషన్ పెట్టుకున్నాయి. జంతువుల లెక్క తీయడానికి వాళ్ల సొంత సైంటిస్టులు, కాపలాకి సొంత వార్డెన్లు. ఎప్పుడు వేటాడాలి, ఎన్ని, దేనితో అన్నది వాళ్లే రాసుకున్నారు. రాష్ట్రం రూలు వద్దన్నవాళ్లు సొంత రూలు పెట్టుకున్నారు.

మన దగ్గర ఆ కాగితం లేదు, ఆ ఒప్పందం లేదు. కానీ గ్రామసభ ఉంది, పీసా చట్టం ఉంది. ఎల్ క్లాజులో ఆ నాలుగు ముక్కలు ఎందుకు పెట్టారని తీర్మానం రాసి పంపిన గ్రామసభ మన మండలంలో ఒక్కటుంటే నాకు చూపించండి. నేను తెలుసుకుంటాను. పదిహేడేళ్ల కుర్రాడి చేతికి పగిలే గొట్టం ఇచ్చి, వాడు దొరికితే "మాకు తెలీదు" అనడం హక్కుల పోరాటం కాదన్నా. దొరికిన పిల్లాడి బెయిలుకి మనలో ఎంతమంది వెళ్లాం? మనం పోస్టులు పెడతాం, వాడు వాయిదాలకి తిరుగుతాడు.

పైగా ఏ జింకలు? అమెరికాలో 1900 నాటికి వేటతో తోకతెల్ల జింకలు దాదాపు అయిపోయాయి. అప్పుడు అమ్మకానికి వేటాడటం ఆపి, సీజన్లు పెట్టి, 1937లో చట్టం చేసి తుపాకుల మీద, గుళ్ల మీద వచ్చే పన్ను డబ్బు జంతువులకే ఖర్చుపెడితే, ఇప్పుడు సుమారు మూడు కోట్లయ్యాయి. అందుకే అక్కడ కొత్తవాడికి ఏ తుపాకి అన్నది మామూలు ప్రశ్న. మా కొండ మీద నేను ఈ ఇరవై ఏళ్లలో కొండగొర్రెని కళ్లారా చూసింది రెండుసార్లు. అరుపు విన్నది నాలుగైదుసార్లు. కణుజు సంగతి మా నాన్న చెప్తేనే తెలుసు. వేట హక్కు రేపు వచ్చిందే అనుకోండి, దేన్ని వేటాడతాం? ఉడతల్నా?

ఇప్పుడు చెల్లెళ్లకి, అక్కలకి ఒకటి చెప్పాలి. కోప్పడొద్దు. పేడనీళ్లు సరదాయే, నేనూ నవ్వాను చిన్నప్పుడు. కానీ ఆ రోజు గుంపు సాయంత్రం దాకా ఉత్తచేతులతో ఉంటే, ఇంటికెళ్తే పరువు పోద్దని ఇంకో కొండ ఎక్కుతారు. చీకటి పడుతుంది. అలిసిపోయి ఉంటారు, తాగి ఉంటారు. అప్పుడే పొదలు కదులుతాయి. మా మావ సంగతి పొద్దున్నే జరిగిందనుకోండి, కానీ ముందు రెండ్రోజులు ఏమీ దొరక్క ఆ వేళ అందరికంటే ముందు నడిచాడని మా అత్త ఇప్పటికీ అంటుంది. ఆ నీళ్లు చల్లినవాళ్లలో ఆమె కూడా ఉంది. ఆమె ఆ తర్వాత ఏ పండక్కీ బిందె పట్టలేదు. నీళ్లు చల్లండి, పాటలు పాడండి. కానీ తుపాకి లేకుండా వెళ్లి ఉత్తచేతులతో వచ్చినవాడి మీద ఇంకో రెండు చెంబులు ఎక్కువ చల్లి, మెచ్చుకుంటూ చల్లండి. దాని అర్థం మీరే మార్చగలరు. మేం మార్చలేం.

అయితే పండగ మానేయాలా? నేను మాననని చెప్తున్నాను. జార్ఖండ్‌లో దల్మా కొండల మీద సంతాల్, హో అన్నలు సేంద్రా పండక్కి వేల మంది కొండెక్కుతారు. అక్కడ కూడా ఇదే గొడవ. జంతువుల్ని చంపకుండా పూజ, నడక మాత్రం చేద్దామని కొందరు, అది సేంద్రా ఎలా అవుద్దని కొందరు. ఇంకా తేలలేదు. నాకు రెండువైపులా నిజముందనిపిస్తుంది. వేట లేని వేట పండగ అంటే నాకే ఏదోలా ఉంటుంది. మా నాన్నకి చెప్తే, "మరి అడవికి ఎందుకెళ్లడం, గాలికా?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను అప్పుడు.

కానీ తమ్ముడూ, ఆ గుంపులో నడవడంలో చాలా ఉంది. ఏ గెడ్డ ఎక్కడ పుడుతుందో, మన కొండ ఎక్కడితో అయిపోయి పక్కూరి కొండ మొదలవుద్దో, ఏ చెట్టు దగ్గర ఎవరు చనిపోయారో, అడుగుజాడ చూసి అది ఎప్పుడు వెళ్లిందో. ఇవి ఏ క్లాసులోనూ చెప్పరు. పట్టాల సర్వేకి వచ్చినప్పుడు మా ఊళ్లో హద్దులు చూపించింది వేటకి తిరిగిన ముసలోళ్లే, మాలాంటి చదువుకున్నోళ్లు కాదు. అది నేర్చుకోవడానికి వెళ్లు. గట్టిగా అడిగి వెళ్లు. విల్లు పట్టుకుంటానంటావేమో, ఊళ్లో గురి పందెం పెట్టుకున్నప్పుడు పట్టుకో, అరటిబోదె మీద కొట్టు. బాణంతో జింకని కొట్టినా అదే కేసు, ముందే చెప్పాను. ఇంకో విషయం, ఎవరి చేతిలోనైనా తుపాకి ఉంటే ఆ గుంపుతో వెళ్లకు. "నేను పట్టుకోలేదు కదా" అని పక్కన నడవకు. అది పగిలితే ముక్కలు పక్కవాడికీ తగుల్తాయి, కేసైతే పక్కవాడి పేరు కూడా రాస్తారు.

మీ పెదనాన్నకి నువ్వు చెప్పలేవని తెలుసు. నీమీద ప్రేమతోనే ఇస్తానన్నాడు, కాదంటే చిన్నబుచ్చుకుంటాడు. నా పేరు చెప్పు. హాస్టల్లో పెద్దోడు వద్దన్నాడు, డిగ్రీ చదివి పిరికోడైపోయాడు అని తిట్టించుకోనీ నన్ను, పర్లేదు.

ఈ శనివారం మధ్యాహ్నం బస్సుకి నేను ఊరెళ్తున్నాను. నువ్వు కూడా రా, మీ ఊరు దారిలోనే కదా, ఒక రాత్రి మా ఇంట్లో ఉండి వెళ్లు. మా మావ సాయంత్రం పశువుల్ని తోలుకొచ్చాక అరుగు మీద కూచుంటాడు. చోడి అంబలి తాగుతూ ఆయన్నే అడుగు, కొత్తోడికి ఏ తుపాకి మంచిదో, ఏ గుండు వెయ్యాలో. ఆయన నీకు ఎడంపక్క నుంచి చూస్తాడు, ఏమీ అనుకోకు. ఆ పక్కే కనపడుతుంది ఆయనకి.